సిపాయి సొమ్ము, స్థలాల బేరము

2022 జూను 14వ తేదీని కేంద్రప్రభుత్వము అగ్నిపథమను పథకమును ప్రకటించెను. నాలుగేండ్లు సేవ చేయించుకొని, నూటికి ఇరువదియైదుగురిని మాత్రము సైన్యమున నిలుపుకొని, తక్కినవారికి సేవానిధియను పేర సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు చేతబెట్టి యిండ్లకు పంపుట దాని సారాంశము. మూడు దినములు గడవకమున్నే సికింద్రాబాదు రైల్వేస్టేషనులో చెలరేగిన యల్లరిని, ఆనాటి పోలీసు కాల్పులలో వరంగల్లు వైపు యువకు డొకడు మృతినొందుటను మన పాఠకులు మరచియుండరు. పథకము మంచిదా చెడ్డదా యను వాదములోనికి నేడు మేము దిగదలచలేదు. అది వేరొక దినము మాట. మొదటి జట్లలో చేరినవారి నాలుగేండ్ల గడువు 2026 సంవత్సరాంతముతో నిండుట మొదలిడును గనుక, అంతకంటె సన్నిహితమైన ప్రశ్న యొకటి మా యెదుట నిలిచియున్నది. ఇరువది రెండో, ఇరువది యైదో యేండ్ల పల్లెటూరి పిల్లవాని చేతికి ఒక్కమారుగా వచ్చు పదునొకండు లక్షలు ఎచటికి పోవును?

ఈ ప్రశ్నకు పెగడపల్లిలోగాని, జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని ఎవరిని కదిపినను ఒకే యుత్తరము వచ్చును. ప్లాటు. మేనమామ ప్లాటు కొనుమనును. బావమరది ప్లాటు చూపించును. బస్సుస్టాండు దగ్గర చాయ త్రాగుచున్న మధ్యవర్తి, అనగా మన జనులు బ్రోకరని పిలుచు పెద్దమనిషి, పిల్లవాడు సెలవుమీద వచ్చిన దినముననే కబురు పంపును. అగ్నివీరులకు ముందు ఉద్యోగవిరమణ చేసిన సిపాయీలకును, హవల్దారులకును జరిగినది ఇదియే. పదునైదేండ్లు సేవ చేసిన సిపాయికి పింఛను కలదు, ఆ పింఛనులో సగమువరకు ముందుగానే ఏకమొత్తముగా పుచ్చుకొను హక్కు కలదు, భవిష్యనిధి కలదు, 1976లో స్థాపింపబడిన సైనిక సామూహిక బీమానిధి సొమ్ము కలదు. ముప్పదియైదు, నలుబది యేండ్ల ప్రాయమున ఈ మొత్తము లన్నియు ఒక్క నెలలో చేతబడును. అతడు పుట్టి బుద్ధెరిగిన తరువాత అంత సొమ్ము ఒకచోట చూచి యెరుగడు. చూచినది మధ్యవర్తియే.

సేవానిధి విషయమున ఒక సంగతి చాలమందికి తెలియదు. అది సర్కారువారి బహుమానము కాదు. అందు సగము ఆ పిల్లవాని జీతమే. మొదటి యేడు నెల కతనికి జీతము 30,000 రూపాయలు. చేతికి వచ్చునవి 21,000. మిగిలిన 9,000 నిధికి పోవును. నాలుగవ యేట 40,000లో 12,000 పోవును. ఇట్లు నాలుగేండ్లలో అతని జీతమునుండి కూడిన 5 లక్షల 2 వేలకు అంతే మొత్తమును సర్కారు జతచేయగా, వడ్డీతో 11 లక్షల 71 వేలగును. మంచుకొండలమీద కాపలా కాచి, కడుపు కట్టుకొని కూడబెట్టిన కూలి యది. దానికి వెనుక పింఛను లేదు. మాజీసైనికుడను హోదాయు లేదు. ఒక్కమారు పోయినచో మరల వచ్చునది కాదు.

భూమిమీద మన జనులకుగల మోజును మేము పరిహసింపము. ఈ ప్రాంతపు చరిత్ర యంతయు భూమికొరకు జరిగిన చరిత్రయే. 1978 సెప్టెంబరులో జగిత్యాలకు నడచివచ్చిన రైతుకూలీల యాత్ర దేనికొరకు? ఆ మరునెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములని సర్కారు ప్రకటించుట దేనివలన? అటుపిమ్మట రెండు తరముల యువకులు దుబాయికి, మస్కటుకు, సౌదీకి పోయి, ఎండలో రాళ్లు మోసి పంపిన సొమ్ము ఊరనూరను ఇండ్లుగాను, స్థలములుగాను మారినది. 2016 అక్టోబరు 11న జగిత్యాల ప్రత్యేక జిల్లా కాగానే పొలముల గట్లమీద సున్నపు రాళ్లు మొలచినవి. ఇట్టి చోట పుట్టిన పిల్లవాడు సొమ్ము రాగానే భూమివైపు చూచుట సహజము. భూమిని నమ్ముకొన్నవాడు చెడడని మన పెద్ద లనిరి. నిజమే. కాని వారు చెప్పినది దున్నుకొను భూమినిగూర్చి! రాజమార్గమునకు నాలుగు మైళ్ల దూరమున, నీరులేని బీడులో నాలుగు రాళ్లు పాతి, దాని కొక దేవుని పేరో పువ్వు పేరో పెట్టి, రెండువందల గజముల ముక్కలుగా అమ్ము దానినిగూర్చి కాదు.

యోధునికి భూమి యిచ్చుట మన దేశమునకు క్రొత్త గాదు. కాకతీయుల కాలమున నాయంకర మని యుండెను. విజయనగరమువారు అమర మనిరి. సేనను పోషించి యుద్ధమునకు తెచ్చుటకై గ్రామముల యాదాయము నాయకుల కప్పగింపబడెను. నైజాము కాలమున పాయగాల యేర్పాటు ఇట్టిదే. వీని యన్నిటిలో భూమి దక్కినది నాయకునికి; ఈటె పట్టిన బంటునకు దక్కినది ఆనాటి బత్తెము. 1949లో జాగీర్లు రద్దగువరకు ఈ మర్యాదయే సాగెను. బ్రిటిషువారు పంజాబులో కాలువలు త్రవ్వి, ఆ క్రొత్త భూములను పింఛను పుచ్చుకొన్న సిపాయీలకు పంచి, వారి విధేయతను కొనుగోలు చేసిరి. తెలుగుదేశమున తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును మనుష్యులను పంపి, నేటికిని మిలిటరీ మాధవరమను పేరు మోయుచున్నది. సాధారణ సిపాయికి భూమి యీయవలెనను ఆలోచన స్వతంత్ర భారతమునను నిలిచినది. దానికి మేము సంతసించుచున్నాము. కాని ఆ యాలోచన కాగితముమీదనుండి నేలమీదికి దిగునప్పటికి ఏమైనదో చూడుడు.

మాజీసైనికులకు ప్రభుత్వభూమి అసైను చేయు పద్ధతి మన రాష్ట్రమున కలదు. 1977వ సంవత్సరపు 9వ చట్టము ప్రకారము నిరుపేదల కిచ్చిన అసైన్డుభూమిని అమ్మరాదు, కొనరాదు. మాజీసైనికులకును, స్వాతంత్ర్య యోధులకును మాత్రము పదియేండ్లు గడచినపిమ్మట అమ్ముకొను స్వేచ్ఛను 1993లో సర్కారు ఉత్తరువు స్పష్టపరచెను. ఇది న్యాయమే. కాని రిజిస్ట్రేషను చట్టములోని 22-ఏ సెక్షను ప్రకారము తయారగు నిషిద్ధ భూముల పట్టికలో ఈ భూములుకూడ చేరిపోవుచున్నవి. పదియేండ్లు కాదు, ముప్పదియేండ్లు గడచినను సిపాయి తన భూమిని కూతురి పెండ్లికి అమ్మబోయినచో, కలెక్టరు నిరభ్యంతరపత్రము తెమ్మందురు. దానికై తహశీలు కచేరికి, అచటినుండి ఆర్డీవో కచేరికి, అచటినుండి కలెక్టరు కచేరికి కాళ్లరుగ తిరుగవలెను. తిరుగలేనివాడు మధ్యవర్తి నాశ్రయించును. మధ్యవర్తి సగము వెలకు ఒప్పందము వ్రాయించుకొని, ఆ పత్రమును తానే సంపాదించును. సిపాయికి దొరకని పత్రము వ్యాపారికి దొరకుట యెట్లో మేము వివరింప నక్కరలేదు.

విశాఖపట్టణములో ఈ దుర్మార్గము ఏ స్థాయికి పోయెనో తలచుకొన్నచో తల వంగును. ఆ పరిసరముల భూముల అక్రమములపై 2017లో ఒక ప్రత్యేక విచారణ బృందమును, 2019లో మరియొక బృందమును నియమింపవలసివచ్చెను. ఆ విచారణలలో ప్రధానాంశములలో నొకటి మాజీసైనికుల పేర, స్వాతంత్ర్య యోధుల పేర పుట్టిన నిరభ్యంతరపత్రముల వ్యవహారము. సిపాయి నిజమైనవాడైన భూమి యతనికి దక్కదు. భూమి నిజమైనదైన సిపాయి కల్పితుడు! మన దేశభక్తి యెంతటి లాభదాయకమైన సరకైపోయెను!

ఇక ప్లాట్ల సంగతి. సైనికులకు ప్రత్యేక తగ్గింపని త్రివర్ణపతాక మచ్చువేసిన కరపత్రములు పంచుచున్నారు. నూటికి ఐదో పదియో తగ్గించుట వానికి కష్టముకాదు. తగ్గింపుటకు ముందు వెల వేసినవాడు తానే కదా. మేము అడుగునది తగ్గింపునుగూర్చి కాదు, పత్రములనుగూర్చి. 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణాభివృద్ధి చట్టము, జనవ్యవహారమున రెరా, స్పష్టముగా చెప్పుచున్నది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమునుగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లనుగాని అమ్మదలచినవాడు ఆ సంస్థలో నమోదు చేసికొనవలెను. నమోదు లేక ప్రకటన చేయరాదు, బయానా పుచ్చుకొనరాదు. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో నూటికి డెబ్బది ప్రత్యేకఖాతాలో నుంచి ఆ పనికే ఖర్చు పెట్టవలెను. రిజిస్టరు చేసిన ఒప్పందము లేక నూటికి పదికి మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదు. మాట తప్పినచో వడ్డీతో సొమ్ము తిరిగి యీయవలెను. ఇంత చక్కని చట్టముండగా ప్రీలాంచియను పేర, నమోదునకు ముందే, పూర్తిసొమ్ము రొక్కముగా పుచ్చుకొనువా డెవ్వడు? ఆ రొక్కము నిచ్చినవాడు సైన్యములో పదునేడేండ్లు ప్రతి బూటునకు, ప్రతి తూటాకు సంతకము పెట్టి లెక్క యప్పజెప్పినవాడే యగుట మాకు మిక్కిలి వింతగా నున్నది.

కొందరు వెంచరుదారులు ఇది వ్యవసాయభూమి, మీ చట్టము వర్తింపదని బుకాయించి, గుంటల లెక్కన ఫారం ప్లాట్లమ్ముచున్నారు. అనుమతిలేని లేఅవుట్లు మన రాష్ట్రమున నెంత విరివిగా పెరిగెనో తెలియగోరువారికి ఒక్క లెక్క చాలును. 2020 ఆగస్టులో సర్కారు అట్టి స్థలముల రిజిస్ట్రేషన్లను నిలిపి, క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలువగా, ఇరువదియైదు లక్షలకు పైగా వచ్చి పడినవి. అనగా అన్ని స్థలముల యజమానులు కొన్ననాడు చూడవలసిన కాగితము చూడలేదన్నమాట. వారిలో చాలమంది యేండ్లతరబడి ఇల్లు కట్టుటకు అనుమతి లేక, అమ్ముటకు వీలు లేక, రుసుము తగ్గింపుల తేదీలకై పత్రికలు చూచుచు కాలము గడిపిరి.

సరే, పత్రము లన్నియు శుద్ధముగా నున్నవే యనుకొందము. లెక్క వేయుదము. పది లక్షలకు ప్లాటు కొని పూర్తివెలకు దస్తావేజు వ్రాయించినచో, 2021 జులై నుండి హెచ్చించిన రేటు ప్రకారము స్టాంపు, బదలాయింపు, రిజిస్ట్రేషను రుసుములు కలిసి నూటికి ఏడున్నర, అనగా 75,000 రూపాయలు. పెట్టుబడి పది లక్షల డెబ్బదియైదు వేలైనది. ఇదే మొత్తము నూటికి ఏడు చక్రవడ్డీకి బ్యాంకులో పడియున్నచో ఐదేండ్లకు పదునైదు లక్షలు దాటును. కావున ఆ ప్లాటు ఐదేండ్లలో ఒకటిన్నర రెట్లయినను, సిపాయి గెలిచినది లేదు. ఓడకుండ మాత్రము బయటపడినాడు. అందులో పంట రాదు, అద్దె రాదు. పైగా ప్రక్కవాడు రాయి జరుపకుండ కాపలా కావలెను. ఆపద వచ్చిన వారములో అమ్ముదమన్న కొనువాడు దొరకడు. ధర రెట్టింపైనదని చెప్పుకొనువారిని మేము చాలమందిని చూచితిమి. ఆ ధరకు అమ్మి సొమ్ము ఇంటికి తెచ్చుకొన్నవారిని అరుదుగా చూచితిమి. ఇక ప్లాటు కొన్నచో నెల నెలకు అద్దె యిచ్చెదము, మూడేండ్లకు రెట్టింపు వెలకు తిరిగి కొనెదమనువారి మాట వేరే. అది భూమి వ్యాపారమే కాదు, చీటీకంటె ప్రమాదమైన డిపాజిట్టు. అట్టివానిని నిషేధించుటకు 2019లో ప్రత్యేకచట్టమే పుట్టెను.

ఐనచో సైనికులు తమ వారి సంస్థలనే నమ్మవలెనా? సైనిక సంక్షేమ గృహనిర్మాణ సంస్థ 1978లో ఏర్పడి అనేక పట్టణములలో ఇండ్లు కట్టించినది. మేలు చేసినది. కాని కొచ్చిలో ఆ సంస్థ కట్టించి 2018లో అప్పగించిన మూడు సౌధములలో రెండు ఏడేండ్లు తిరుగకమున్నే నివాసయోగ్యములు కాకపోగా, వానిని పడగొట్టి మరల కట్టించి యిమ్మనియు, అంతవరకు నివాసులకు అద్దె చెల్లింపుమనియు 2025 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను. బొంబాయిలోని ఆదర్శ సౌధము కథ అందరికిని తెలిసినదే. కార్గిల్ వీరుల పేరు చెప్పుకొని లేచిన ముప్పదియొక్క అంతస్తులలో అధికారులును, రాజకీయులును వాటాలు పంచుకొనిరి. 2010లో ముఖ్యమంత్రి పదవి పోయెను. 2016లో హైకోర్టు పడగొట్టుమనెను. పిదప సుప్రీంకోర్టు ఆ కూల్చివేత నాపి భవనమును కేంద్రప్రభుత్వ స్వాధీనము చేసెను. అసలా స్థలము కార్గిల్ కుటుంబములకై కేటాయించినదే కాదని విచారణసంఘము తేల్చెను. కావున సంస్థ మనవారిదైనంతమాత్రమున కన్ను మూసికొనరాదు.

అమెరికావారు 1944లో చేసిన శాసనము వేరొక మార్గము చూపెను. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికునికి వారు స్థలము పంచలేదు. అతడు ఇల్లు కొనుటకు చేయు అప్పునకు ప్రభుత్వము పూచీ నిలిచెను. బయానా లేకయే లక్షలమంది ఇండ్లు కట్టుకొనిరి. అందును అన్యాయము లేకపోలేదు. మిసిసిపీ రాష్ట్రమున 1947 నాటికి అట్టి పూచీగల అప్పులు మూడువేల రెండువందలకు పైగా మంజూరుకాగా, నల్లవారికి దక్కినవి రెండే రెండు! ఒకే యుద్ధమున పోరాడినవారికి ఒకే పూచీ దొరకలేదు. ఐనను సర్కారు చేయవలసినది పూచీ నిలుచుటయేగాని, స్థలముల లాటరీ కాదని ఆ యనుభవమునుండి మేము గ్రహించుచున్నాము. సరిహద్దున నేలకొరిగిన వీరుల కుటుంబములకు ప్రభుత్వములు సొమ్మును, స్థలమును ఇచ్చుచున్నవి. 2020 జూనులో గల్వాను లోయలో అసువులు బాసిన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నలు సంతోష్ బాబు కుటుంబమునకు మన రాష్ట్రము చేసిన సాయము ఉచితమే. కాని మరణించిన వీరుని కిచ్చు గౌరవములో పదియవవంతు శ్రద్ధ బ్రదికి తిరిగివచ్చినవాని పత్రములపై చూపరాదా?

న్యాయవాదవృత్తిలో నున్న మాకు అన్నిటికంటె బాధ కలిగించునది మరొకటి. సిపాయి సరిహద్దుననుండగా ఊరిలోనున్న అతని భూమి కరగిపోవుచున్నది. అన్నకో, తమ్మునికో, మామకో ముక్తారునామా వ్రాసి రైలెక్కును. కొనునప్పుడును అంతే, వెల పూర్తిగా కట్టి, దస్తావేజునకు సెలవు దొరకలేదని జీపీయే కాగితముతో తృప్తి పడును. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంపు కేసులో స్పష్టపరచెను: జీపీయే వలన స్వామ్యము సంక్రమింపదు, రిజిస్టరు దస్తావేజే ప్రమాణము. తీర్పు వెలువడి పదేండ్లు దాటినను మన పల్లెలలో ఆ కాగితము నింకను పట్టావలె పెట్టెలో దాచుచున్నారు. తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామాల గతి యంతకంటె కష్టము. 2014 జూను 2కు ముందటివై, 2020లో దరఖాస్తు పెట్టిన వానికి మాత్రమే 2025 నాటి భూభారతి చట్టము దారి చూపుచున్నది. ధరణి పోయి భూభారతి వచ్చినది. పేరు మారినపుడెల్ల తన సర్వేనంబరు, విస్తీర్ణము సరిగా నెక్కినవో లేదో చూచుకొనుటకు లడకులోనున్న సిపాయికి ఎవరు చెప్పవలెను?

అతని రక్షణకు ఒక చట్టము లేకపోలేదు. 1925వ సంవత్సరపు భారతీయ సైనికుల వ్యాజ్యముల చట్టము నేటికిని అమలులో నున్నది. యుద్ధపరిస్థితులలోగాని, ప్రత్యేకపరిస్థితులలోగాని సేవ చేయుచున్న సిపాయిమీద దావా పడినచో విచారణ నాపించుకొనవచ్చును. అతడు లేనపుడు ఎక్స్‌పార్టీగా పుట్టిన డిక్రీని రద్దు చేయించుకొనవచ్చును. ఆ సేవాకాలమును కాలదోష గణనమునుండి మినహాయించుకొనవచ్చును. నూరేండ్ల చట్టమిది. దీనిని సిపాయీ లెరుగరు; చెప్పుటకు సిగ్గగుచున్నది గాని, మా వకీళ్లలోను పెక్కుమంది యెరుగరు.

ప్లాటు కొనవలెనా వలదా యనుట సిపాయి యిష్టము, మధ్యలో మీ రెవరని కొందరు మమ్మడుగవచ్చును. అడుగుట న్యాయమే. ప్రాణ మొడ్డినవానికి సొమ్ముమీద పెత్తనము నేర్పుట మా యుద్దేశము కాదు. ఉండుటకు ఇల్లు లేనివాడు ఇల్లు కట్టుకొనవలసినదే. సేద్యము చేయగలవాడు పట్టా చూచుకొని పొలము కొనవలసినదే. రెండును కాక, రేపు హెచ్చువెల కమ్ముదమను ఆశతో కూలి డబ్బంతయు ఒక్క రాయిక్రింద పెట్టువానికి మాత్రము మా మాట. ఇరువది యైదేండ్లవానికి ఆ పదునొకండు లక్షలు చదువుగాను, పనిముట్లుగాను, దుకాణముగాను మారినచో ముప్పదియేండ్లు అన్నము పెట్టును. ఒక సంవత్సర మా సొమ్ము బ్యాంకులోనే పడియుండనిచ్చుటలో ఎవరికిని నష్టము లేదు, మధ్యవర్తికి తప్ప.

ప్రభుత్వమువారిని మేము కోరునవి పెద్దవి కావు. పదియేండ్లు నిండిన మాజీసైనికుల అసైన్డుభూములను, వారు దరఖాస్తు పెట్టుకొను అవసరము లేకయే, నిషిద్ధపట్టికనుండి తీసివేయవలెను. ఏ సర్వేనంబరు ఏ సైనికునికి ఏ యేట నిచ్చిరో మండలము వారీ జాబితా తహశీలు కచేరి గోడమీద నంటింపవలెను. కల్పిత సిపాయీలు దానితోనే సగము మాయమగుదురు. జిల్లా సైనిక సంక్షేమాధికారి, సెలవుమీద వచ్చినవారికి ఈ.సీ. తీయుట, రెరా నంబరు సరిచూచుట నేర్పు నొక మనిషిని కచేరిలో కూర్చుండబెట్టవలెను. రెరావారు హైదరాబాదు ప్రకటనలు చూచి జరిమానా వేయుటతో తృప్తి పడక, జగిత్యాల, కోరుట్ల రోడ్లమీది పలకలనుకూడ ఒకమారు చదివి పోవలెను.

ఇక మన పఠనాలయములవారికి. పెగడపల్లిలోగాని, మరెచటగాని దసరాకు, సంక్రాంతికి సైనికులు సెలవుమీద వత్తురు. ఆ దినములలో ఒక సాయంకాలము కాగితములు తెమ్మని వారిని పిలువుడు. పట్టాపాసుపుస్తకము, లింకు దస్తావేజులు, ఈ.సీ., లేఅవుటు అనుమతి, రెరా నమోదు, బల్లమీద పరచి చూడుడు. మాలో ఒకరు వచ్చి రుసుము లేక చదివి చెప్పుటకు సిద్ధముగా నున్నాము. బయానా యిచ్చిన మరునాడు కాదు, ఇచ్చుటకు ముందు సాయంకాలము రమ్మనుడు.